మిట్టపల్లె మిగులు జలాలు

మా నదీ పరీవాహక ప్రణాళికా మండలి నియమావళిలో నేను చేర్చినవి రెండే మాటలు: "ఏ రూపంలోనూ". మిగతా వాక్యమంతా మా సభ్య కార్యదర్శి పరాంకుశం గారిది. ఒక పరీవాహక ప్రాంతపు నీరు మరొక పరీవాహక ప్రాంతంలోకి మండలి ముందస్తు అనుమతి లేకుండా పోరాదు అని ఆయన చెబుతుంటే టైపిస్టు కొడుతున్నాడు. భోజనాల తర్వాత సమావేశం. ఏసీ చల్లగా ఉంది. బల్ల చుట్టూ ఉన్న పెద్ద ఇంజనీర్లందరూ కళ్లు తెరుచుకునే నిద్రపోతున్నారు. నేను ఆ మండలికి బదిలీ అయి వచ్చి కొద్దిరోజులే కావడంతో ఇంకా ఆ విద్య అబ్బలేదు. ఏదో ఒకటి అనకపోతే నేను ఉన్న సంగతి ఎవరికీ తెలియదేమోనని, "ఏ రూపంలోనూ అని కూడా చేరిస్తే బిగువుగా ఉంటుందేమోనండీ" అన్నాను.

పరాంకుశం గారు కళ్లజోడు తీసి నన్ను తేరిపార చూశారు. ఆవిరి, మంచు, బురద, ఊట, అన్నీ ఆ రెండు మాటల్లోకి వచ్చేశాయని పొంగిపోయారు. నా పేరు అడిగి తెలుసుకున్నారు. సహాయ ఇంజనీరు భోగేశ్వరరావు అనేవాడు ఒకడున్నాడని పైవాళ్లకు తెలియడం నా ఉద్యోగ జీవితంలో అదే మొదటిసారి. ఆ సాయంత్రం ఇంటికి మిఠాయి కొనుక్కుని వెళ్లాను. ఎందుకని నా భార్య అడిగితే, నదుల గురించి ఒక మాట అన్నానని చెప్పాను.

అప్పట్లో రాష్ట్రమంతటా పరీవాహక ప్రణాళికల ఊపు అలా ఉండేది. ప్రతి నదికీ ఒక ప్రణాళిక, ప్రతి ఉపనదికీ ఒక ఉపప్రణాళిక. మా ఆఫీసు జీపు డ్రైవరు సంబంధం చూసుకోవడానికి వెళ్లి, పిల్లది ఏ నది బేసిన్ అని అడిగాడట. అలాంటి వాతావరణంలో నాకు మొగిలేరు, పాపవంక అనే రెండు ఏర్ల మధ్య సరిహద్దు గీసే పని అప్పగించారు. పని సులువైనదే. రెండు ఏర్ల మధ్య ఒక గట్టు ఉంటుంది. గట్టుకు తూర్పున పడ్డ వాన మొగిలేటిలోకి పోతుంది, పడమట పడ్డది పాపవంకలోకి పోతుంది. ఆ గట్టు వెంబడి మ్యాపు మీద ఎర్ర గీత గీయాలి.

గీస్తూ గీస్తూ మిట్టపల్లె దగ్గరికి వచ్చేసరికి నా పెన్సిలు ఆగింది. ఆ ఊరు సరిగ్గా గట్టు మీదే ఉంది. గీత ఊరి నడివీధి గుండా పోయింది. వీధికి తూర్పు వరస ఇళ్ల చూరునీళ్లు మొగిలేటికి, పడమటి వరస చూరునీళ్లు పాపవంకకు. అంతవరకైతే పరవాలేదు. ఊరికి ఉన్న ఒక్క బోరు, ఎత్తు మీద కట్టిన ట్యాంకు, రెండూ తూర్పున ఉన్నాయి. పడమట ఎంత తవ్వినా బండే తగులుతుందట. కాబట్టి తూర్పు ట్యాంకులోంచి ఒక పైపు వీధి దాటి పడమటి ఇళ్ల కొళాయిలకు వెళుతోంది. అంటే మొగిలేటి నీరు అనుమతి లేకుండా పాపవంక ప్రాంతంలోకి పోతోందన్నమాట.

తెలివైనవాడైతే అక్కడ పెన్సిలు పక్కన పెట్టి టీ తాగి వచ్చేవాడు. నేను నివేదిక రాశాను. "మిట్టపల్లె అక్రమ అంతర్ పరీవాహక మళ్లింపు" అని పైన శీర్షిక కూడా పెట్టి, కింద రెండుసార్లు గీత కొట్టాను.

పరాంకుశం గారు ఆ నివేదికను గుండెలకు హత్తుకోవడం ఒక్కటే తక్కువ. నియమావళి వచ్చాక దొరికిన మొట్టమొదటి ఉల్లంఘన అది. వారం తిరగకుండా జీపు వెళ్లి, పడమటి పైపు వాల్వుకు గొలుసు వేసి, లక్కతో సీలు వేసి వచ్చింది.

మిట్టపల్లె సర్పంచి ఓబుళమ్మ మా ఆఫీసుకు వచ్చింది. నలభై దాటిన మనిషి, ఎండకు కమిలిన ముఖం, చేతిలో గుడ్డ సంచి. పరాంకుశం గారు ఆమెను కూర్చోబెట్టి, చాలా మర్యాదగా, చాలాసేపు మాట్లాడారు. సమగ్ర జల సమతుల్యత గురించి, దిగువ లబ్ధిదారుల హక్కుల గురించి, భావితరాల గురించి చెప్పారు. అనుమతి కోసం దరఖాస్తు చేసుకోవచ్చునన్నారు. మొగిలేటి దిగువన, అది సముద్రంలో కలిసేదాకా, నీళ్లు వాడుకునే గ్రామాలన్నిటి నుంచీ అభ్యంతరం లేదని తీర్మానాలు తెచ్చుకుంటే మండలి సానుభూతితో పరిశీలిస్తుందన్నారు.

ఆమె అంతా విని, నా వైపు తిరిగింది.

"సార్, బోరు మాదే, ట్యాంకు మాదే, వీది మాదే. మా నీళ్లు మేం తాగేదానికి సముద్రం కాడికి పోయి అడగాల్నా?"

నేను పరాంకుశం గారి వైపు చూశాను. ఆయన నా వైపు చూసి తల పంకించారు. నియమం ప్రకారం అంతేనమ్మా అన్నాను. ఆమె సంచి తీసుకుని లేచింది. వెళుతూ వెళుతూ గుమ్మం పక్కనున్న కూజాలోంచి గ్లాసుతో నీళ్లు వంచుకుని తాగి, గ్లాసు బోర్లించి పోయింది. మా ఆఫీసు ఏ బేసిన్‌లో ఉందో ఆలోచించి, పరాంకుశం గారు కొంచెం ఇబ్బందిగా కదిలారు.

కొళాయిలు ఆగాక పడమటి వాళ్లు వీధి దాటి తూర్పు కొళాయిల దగ్గర బిందెలు నింపుకోసాగారు. ఇది కూడా మళ్లింపేనని మండలి తేల్చింది. బిందె కూడా ఒక రూపమే కదా. అలా దాటకుండా చూడడానికి క్షేత్ర పరిశీలక అధికారిని ఒకరిని ఊళ్లోనే ఉంచాలని నిర్ణయించారు. ఈ నియమం ఆత్మను ఎరిగినవాడు నేనేనని పరాంకుశం గారు అన్నప్పుడు గర్వంతో అప్పటికప్పుడే ఒప్పేసుకున్నాను. తీరా వెళ్లాక తెలిసింది, నాకు బస చూసిపెట్టింది పడమటి వరసలోని బడి గదిలో.

నడివీధిలో సున్నంతో గీత గీయించి, దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పొద్దున్నే ఆడవాళ్లు నన్ను చూసి, బిందెలు చంకన పెట్టుకుని, గీత పక్కగా గట్టు దిగి పాపవంక ఇసుకలో చెలమలు తోడుకోవడానికి పోయేవాళ్లు. పొద్దెక్కాక సగం సగం బిందెలతో ఆయాసపడుతూ ఎక్కి వచ్చేవాళ్లు. బడిలో మధ్యాహ్న భోజనం ఆగిపోయింది. వంటమనిషి కట్టెలు తెచ్చింది, బియ్యం తెచ్చింది, నీళ్లు మాత్రం తేలేకపోయింది. పిల్లలు తూర్పు వాళ్లు తూర్పుకు, పడమటి వాళ్లు పడమటికి ఇళ్లకు వెళ్లి తినేవాళ్లు. నేను రోజూ చెంబెడు నీళ్లతో ముఖం కడుక్కుని, ఆ నీళ్లతోనే కాళ్లు కడుక్కునేవాణ్ణి. స్నానం మాట మరిచిపోయాను. నా పక్కన కూర్చోవడానికి వచ్చే కుక్క కూడా కొద్దిరోజులకు మానుకుంది.

తూర్పున ఖాజా హుసేన్ టీ కొట్టు ఉంది. పడమటి మగవాళ్లు పొద్దున, సాయంత్రం అక్కడికి వచ్చి టీ తాగి వెళ్లేవాళ్లు. నేనూ అంతే. ఒకరోజు టీ ఊదుకుంటుండగా నాకు ఒక సందేహం వచ్చింది. టీలో ఉన్నది చాలావరకు నీరే. మనిషి దాన్ని కడుపులో పెట్టుకుని గీత దాటుతున్నాడు. ఆ సందేహాన్ని నాలోనే ఉంచుకుంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. నేను మండలికి రాసి వివరణ కోరాను.

జవాబు తిరుగు టపాలో వచ్చింది. ఇటువంటి సూక్ష్మ పరిశీలన అభినందనీయమని మొదలుపెట్టి పరాంకుశం గారు ఇలా రాశారు: "మానవ శరీరమును చలన జలాశయముగా పరిగణింపవలెను. తాత్కాలిక నిల్వకు అభ్యంతరము లేదు. అయితే సదరు నిల్వ యొక్క విడుదల మూల పరీవాహక ప్రాంతమునందే జరుగునట్లు క్షేత్ర అధికారి స్వయముగా నిర్ధారించుకొనవలెను."

నేను ఆ కాగితం పట్టుకుని ఖాజా కొట్టు ముందు నిలబడ్డాను. ఎలా చెప్పాలో తెలియక చదివి వినిపించాను. ఎవరికీ అర్థం కాలేదు. తేట తెలుగులో చెప్పాను. అందరికీ అర్థమైంది. ఖాజా పొయ్యి మీద పాలు కలియబెడుతూ, మెల్లగా, "ఊరికే పోసుకోని పోతే చాలునా సార్, మీరు చూడాల్నా?" అని అడిగాడు. స్వయంగా నిర్ధారించుకోవాలని ఉంది కదా అన్నాను. ఆ మర్నాటి నుంచి పడమటి వాళ్లెవరూ టీకి రాలేదు. నియమాన్ని నూటికి నూరుపాళ్లు పాటించినవాణ్ణి నేనొక్కణ్ణే. బడి గదిలో పడుకున్న నాకు కడుపు బిగిసినప్పుడల్లా లేచి, వీధి దాటి, తూర్పున తుమ్మచెట్టు దాకా పరిగెత్తేవాణ్ణి. దారిలో ఎదురైన వాళ్లు తప్పుకుని దారి ఇచ్చేవాళ్లు. ప్రభుత్వోద్యోగికి అంతటి గౌరవం దొరకడం ఈ రోజుల్లో అరుదు.

ఇది ఇలాగే నడిచేదేమో, సుంకులమ్మ రాకపోతే. సుంకులమ్మ పడమటి వరస చివరింటి ముసలామె. కొడుకు, కోడలు వలస పోయారు. మోకాళ్లు పట్టేసి చెలమల దాకా దిగలేదు. ఇన్నాళ్లూ ఇరుగుపొరుగు తలా ఒక ముంత ఇచ్చేవాళ్లట. ఎండ ముదిరి చెలమలు అడుగంటాయి, ఆ ముంతలు ఆగిపోయాయి. ఒక మధ్యాహ్నం ఆమె తూర్పు కొళాయిలో చిన్న బిందె నింపుకుని, నడుముకు ఆనించుకుని, ఆగుతూ ఆగుతూ నా గీత వైపు వచ్చింది. నేను కుర్చీలోంచి లేచాను. ఆమె గీతకు తూర్పున ఆగింది. వీధి రెండు వైపులా అరుగుల మీద జనం ఉన్నారు. ఎవరూ కదల్లేదు.

నాకు పోనివ్వాలనే ఉంది. కానీ పోనిస్తే రేపు అందరినీ పోనివ్వాలి. నివేదికలో ఏమని రాయాలి? ఆ ఆలోచనతో నేను నిలబడి ఉండగానే, "పోనీయవా నాయినా?" అని ఆమె అడిగింది. నా నోటివెంట వచ్చిన మాట, నియమం అవ్వా, అన్నది.

ఆమె నన్ను తిట్టలేదు. బిందెను దించి, రెండు చేతులతో వంచింది. నీళ్లు గీత మీద పడ్డాయి. సున్నాన్ని తడిపి, ఒక క్షణం అక్కడే గుంటకట్టినట్టు ఆగి, తరవాత మెల్లగా పడమటి వైపు జారి, నా చెప్పుల మధ్యనుంచి పల్లానికి పోయాయి.

"నీళ్లు పోయినాయి సామీ" అంది సుంకులమ్మ. "ఇప్పుడు పోయి పట్టుకో, చూద్దాం."

ఖాళీ బిందె చంకనెత్తుకుని ఇంటికి నడిచింది. నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. కాలి కింద మట్టి తడి ఆరిపోయేదాకా అలాగే నిలబడి ఉన్నాను. నియమావళిలో ఆ రెండు మాటలూ చేర్చి ఇంటికి మిఠాయి మోసుకెళ్లిన మనిషి ఎవరో వేరే ఊరివాడిలా అనిపించాడు.

సాయంత్రం ఓబుళమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె చేటలో కందులు ఏరుతోంది. వాల్వు గొలుసు తుప్పు పట్టిందనీ, ఎవరైనా గట్టిగా లాగితే ఊడిపోవచ్చుననీ, నాకు పొద్దున్నే కళ్లు సరిగ్గా కనిపించవనీ చెప్పాను. ఆమె చేట కిందపెట్టింది. రేపటినుంచి వాల్వు తిప్పితే మీకు ఉద్యోగం పోదా అని అడిగింది. పోకుండా రాస్తానన్నాను. రాయడం ఒక్కటే నాకు చేతనైన పని కదా.

మర్నాటి నుంచి పడమటి కొళాయిల్లో తెల్లవారగానే కాసేపు నీళ్లు వచ్చేవి. బడిలో పొయ్యి రాజుకుంది. సుంకులమ్మ ఇంటి ముందు కొళాయి ఉంది. ఆమె అక్కడే పీట వేసుకుని కూర్చునేది, నన్ను చూసి ముఖం తిప్పుకునేది. నేను ఆ నీళ్లతోనే తలారా స్నానం చేసి, బట్టలు మార్చుకుని, కుర్చీలో కూర్చుని, "మళ్లింపు: శూన్యం" అని మండలికి రాసేవాణ్ణి. ప్రతి నివేదికా శూన్యమే. ఒకే మాట పదే పదే రాస్తుంటే చేతికి ఎంత హాయిగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఎండాకాలం ముగిసేసరికి పరాంకుశం గారి నుంచి కబురు వచ్చింది. ఆఫీసుకు వెళ్లేసరికి ఆయన గోడ మీద పెద్ద పటం తగిలించి ఉన్నారు. ముఖం వెలిగిపోతోంది. నా నివేదికలన్నీ ఆయన క్రోడీకరించారట. పడమటి మిట్టపల్లెకు బయటినుంచి ఒక్క చుక్క కూడా రాలేదు. అయినా అక్కడ జనం ఉన్నారు, పశువులు ఉన్నాయి, వంటలు జరుగుతున్నాయి, ఎవరూ ఫిర్యాదు చేయడం లేదు.

"దీన్నిబట్టి మీకేమి బోధపడుతున్నది?" అని అడిగారు.

దొరికిపోయాననుకున్నాను.

"పడమటి మిట్టపల్లె జల స్వయంసమృద్ధిని సాధించిందన్నమాట" అన్నారాయన. "ఎవరికీ కానరాని నీటి వనరు అక్కడ ఉన్నది. ఉన్నది మాత్రమే కాదు, మిగులుతున్నది కూడా."

మిగులు ఉన్న చోటు నుంచి లోటు ఉన్న చోటికి నీటిని తరలించడమే ప్రణాళిక పరమార్థం. ఆ ప్రకారం పడమటి మిట్టపల్లె మిగులు జలాలను తూర్పు మిట్టపల్లెకు తరలించాలని ఆయన అప్పటికే ప్రతిపాదన పంపారు. ఇది అనుమతి లేని మళ్లింపు అవుతుందేమోనని నేను చివరి ఆశతో గొణిగాను. అనుమతి ఇచ్చేది తామే కదా అని నవ్వి, నా భుజం తట్టారు. పడమట ఒక సంపు తవ్వుతారు. అక్కడినుంచి తూర్పు ట్యాంకు అడుగు దాకా కొత్త ఇనుప పైపు వేస్తారు. మోటారు రెండో దశలో వస్తుంది. ప్రారంభోత్సవానికి మంత్రి గారు వస్తారు.

నేను బస్సులో మిట్టపల్లెకు తిరిగి వచ్చేదాకా ఏడుపు ఆపుకున్నాను. ఓబుళమ్మకు అంతా చెప్పాను. నా అబద్ధం మీ నెత్తిన పడిందన్నాను. లేని నీళ్లు తరలించడానికి వస్తున్నారు, సంపులో చుక్క ఉండదు, మంత్రి ముందు బట్టబయలవుతుంది, మళ్లీ వాల్వు మూస్తారు, నన్ను ఇంటికి పంపుతారు. ఆమె గడప మీద కూర్చుని అంతా విన్నది.

"పైపు నిజంగా ఏస్తారా?" అని మాత్రం అడిగింది.

వేస్తారు అన్నాను.

"ట్యాంకు పైనుండాది. సంపు కిందుండాది. ఏయనీలే సార్."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఇంజనీరును కదా.

వానలు ముదరకముందే సంపు కట్టారు. పైపు వేశారు. పాత సన్న పైపు ఎక్కడ, ఈ కొత్తది ఎక్కడ, పిల్లవాడు దూరేంత ఉంది. పైపు మీద పడమటి నుంచి తూర్పుకు పెద్ద పెద్ద ఎర్ర బాణాలు వేయించారు పరాంకుశం గారు. ప్రారంభోత్సవం నాడు షామియానా వేశారు, సంపు చుట్టూ పూలదండలు కట్టారు. ముందురోజే ఓబుళమ్మ మనుషులు సంపును సగం నింపి ఉంచారు. మంత్రి గారు చక్రం తిప్పితే ఈ నీరు పైపులో పడి తూర్పుకు పోతుందని పరాంకుశం గారు మైకులో వివరించారు. జల సమన్యాయానికి ఇది నాంది అన్నారు. మంత్రి గారు చక్రం తిప్పారు.

పైపు గుర్రుమంది. కొంచెం గాలి కక్కింది. తరవాత సంపులోకి నీళ్లు ధారగా దూకాయి.

అందరూ చప్పట్లు కొట్టారు. పరాంకుశం గారి చేతులు మాత్రం గాల్లోనే ఆగిపోయాయి. ఎంతయినా ఆయన కూడా ఒకప్పుడు ఇంజనీరే. సంపులో నీరు తగ్గాల్సింది పోయి పెరుగుతోంది. ఆయన మెల్లగా నా పక్కకు జరిగి, పెదవులు కదలకుండా, నీళ్లు ఎటు పోతున్నాయని అడిగారు.

నేను పైపు వైపు చూపించి, "బాణాల ప్రకారం తూర్పుకేనండీ" అన్నాను.

ఆయన బాణాల వైపు చూశారు. మంత్రి గారి వైపు చూశారు. పూలదండల వైపు, ఫోటోగ్రాఫరు వైపు, చివరికి తన పేరు చెక్కిన శిలాఫలకం వైపు చూశారు. ఊపిరి పీల్చుకుని, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

మంత్రి గారైతే సంపు అంచున నిలబడి మురిసిపోయారు. ఇంత తోడినా తరగని నీళ్లున్న ఊరిని ఇన్నాళ్లూ మెట్ట ఊరన్నారేమిటని మైకులోనే అడిగారు. ఇక్కడి మిగులును తూర్పు ట్యాంకుకు ఇంకా ఎక్కువగా తరలించడానికి రెండో పైపు అక్కడికక్కడే మంజూరు చేస్తున్నామన్నారు. పడమటి ఆడవాళ్లు అప్పటికే బిందెలు తెచ్చి సంపు చుట్టూ చేరారు. సుంకులమ్మ అందరికంటే ముందుంది.

జనం సందడిలో ఓబుళమ్మ నా దగ్గరికి వచ్చింది. చెంగుతో నవ్వు అణచుకుంటూ, ఎవరికీ వినపడకుండా అంది:

"సార్, ఈ తూరి పైపు ఇంగొంచెం లావుది ఏయించు."